కంచు గిన్నె కింద మా ఇంటిపేరు

ఆ గిన్నె ఇప్పుడు మోగదు. ముందు ఈ మాట రాసి తరువాత మిగతాది చెబుతాను. నన్ను అడిగేవాళ్ళందరూ "ఎన్నేళ్ళ నాటిది?" అని మొదలుపెడతారు. ఎన్నేళ్ళదో నాకు తెలియదు. పరీక్షలు చేసినవాళ్ళకూ కచ్చితంగా తెలియదు. అది మోగేదని మాత్రం నాకు తెలుసు, ఇప్పుడు మోగదనీ తెలుసు. ఆ రెండింటి నడుమ జరిగినదాని మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకుని రాయాలని కూడా లేదు.

మా క్వార్టరు మందమర్రిలో, ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగు పెడతారు. సైరన్ అయిన తరువాత నేల ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదులుతుంది. కిటికీ అద్దాలు అదురుతాయి, స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని గోల చేస్తాయి. గూట్లో ఉన్న ఆ గిన్నె మాత్రం ఎవరూ తాకకుండానే సన్నగా పలికేది. గ్లాసుల గోల ఆగిపోయాక కూడా ఆ నాదం గదిలో కాసేపు నిలిచేది. అప్పుడు ఎదురింటామె తన వాకిట్లోంచి కేకేసేది.

"దొర్సానీ, నీ గిన్నె ఏడుస్తుంది. జర పాలియ్యరాదు."

ఎదురింటామెది మా ఊరే. మా ఇంట్లో పుట్టిన పిల్లలందరినీ భూమ్మీదికి తీసిన మంత్రసానికి ఆఖరి కూతురు. ఊళ్ళో వాళ్ళది చివరన మాదిగ వాడ, మాది నడుమ దొరల గడీ. ఇక్కడ ఆమె క్వార్టరూ నా క్వార్టరూ ఒకే కొలత. ఒకే నల్లా, ఒకే మురికి కాలువ. ఆమె పెనిమిటి గనిలో బొగ్గు ఎత్తి రిటైరయ్యాడు. నా భర్త గని ఆఫీసులో గుమాస్తాగా ఉండగానే పోయాడు, ఆయనకు బదులు నా కొడుక్కి గని లోపలి పని ఇచ్చారు. ఆమె నన్ను దొర్సాని అని పిలవడంలో మర్యాద ఎంతో, ఎకసెక్కం ఎంతో ముప్పై ఏళ్ళుగా తేల్చుకోలేకపోయాను. ఆ గిన్నెను ఆమె ఎన్నడూ తాకలేదు. నేను వద్దనలేదు, ఆమె అడగలేదు.

ధర్మపురికి దిగువన గోదావరి ఒడ్డున ఉండేది మా ఊరు. ఉండేది అని ఎందుకంటున్నానంటే, ఇప్పుడది బ్యారేజీ వెనక నీళ్ళలో ఉంది. అంతకు ముందే మా భూములు సీలింగులో కొన్ని, మా చిన్నాయనల పేకాటలో కొన్ని పోయాయి. గడీ తలుపులు, దూలాలు అమ్ముడుపోయాయి. ఇంట్లోని కంచు సామాను, తాతల నాటి కంచాలు, గంగాళాలు, స్టీలు గిన్నెల బండివాడు వచ్చినప్పుడల్లా మా చిన్నమ్మలు వాడి తక్కెట్లో వేశారు. కంచు ఇచ్చి రేకు డబ్బాలు తెచ్చుకుని వాటిని వంటింట్లో వరుసగా పేర్చి మురిసిపోయారు. ఇదంతా చెప్పి ఎవరి జాలీ అడగడం లేదు. అడిగే ఇల్లు కాదు మాది. గిన్నె ఎందుకు మిగిలిందో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అది వంటింటిది కాదు, దేవుని అర్రలోది. అందుకే తక్కెట్లో పడలేదు, మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చింది.

అది మా తాత మోటబావి తవ్విస్తున్నప్పుడు దొరికింది. మా చేనులో పెద్ద బండలు గుండ్రంగా పాతి ఉండేవి. మా దిక్కు వాటిని పాండవుల గుళ్ళు అంటారు. వాటి కింద పాతకాలపు మనుషుల సమాధులు ఉంటాయని చదువుకున్నవాళ్ళు అంటారు. ఒక వలయం అంచున పార పడినప్పుడు నల్ల కుండలు, తుప్పు కత్తి, ఎముకలు బయటపడ్డాయట. కూలీలు పని ఆపి ఒడ్డుకెక్కారట. కుండలన్నీ పగిలాయి. గిన్నె పగల్లేదు. మా తాత గోటితో మీటితే బావి గుంతంతా మోగిందట. మట్టి కడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో దానికి ఒకటే పని. కోడలికో కూతురికో నొప్పులు మొదలవగానే దేవుని అర్రలోంచి గిన్నెను దించేవారు. ఓమ, అదే వాము, వేసి కాచిన నీళ్ళలో బెల్లం కలిపి దాంట్లో పోస్తే, మంత్రసాని ఆ గిన్నెను పట్టుకుని గుక్క గుక్కగా తాగించేది. పాండవుల నేలలో పుట్టిన గిన్నె కాబట్టి కాన్పు సులువవుతుందని నమ్మకం. నేను దాంట్లో తాగాను. నా తల్లి తాగింది.

రెండేళ్ళ కిందట కరీంనగర్‌లో పాత వస్తువుల ప్రదర్శన పెట్టారని పేపర్లో చూసి వెళ్ళాను. అద్దాల పెట్టెల్లో కుండ పెంకులు, పూసలు, తుప్పు పట్టిన బాణపు మొనలు ఉన్నాయి. ఒక పెట్టెలో అరచేతిలో సగం ఉండే పచ్చటి కంచు ముక్క. కింద కార్డు మీద రాశారు: సమాధిలో దొరికిన గిన్నె అంచు ముక్క, పూర్తి గిన్నె ఈ ప్రాంతంలో దొరకలేదు.

"దొరికింది. మా ఇంట్ల ఉంది" అన్నాను.

అక్కడ కాపలా కుర్చీలో ఉన్న మనిషి తలెత్తి చూసి నవ్వాడు. "అవునా అమ్మా? పప్పు గిన్నెనా, చారు గిన్నెనా?"

నా జన్మలో ఒక కాపలావాడు నన్ను అలా అడగడం అదే మొదలు. నిటారుగా నిలబడ్డాను. అప్పుడు పక్క పెట్టె దగ్గర ఫోటోలు తీసుకుంటున్న ఒక మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. జగిత్యాల దిక్కు మనిషి, యూనివర్సిటీలో పాత లోహాల మీద పనిచేస్తున్నాడు. నలభై దాటలేదు. గిన్నె ఎలా ఉంటుందో అడిగాడు. అంచు పలుచన, అడుగు కొంచెం మందం, రంగు బంగారానికి దగ్గర, మీటితే మోగుతుంది అని చెప్పాను. అతని ముఖం మారిపోయింది.

"ఒక్కసారి చూడొచ్చా అమ్మా?"

వారం తిరగకముందే మా క్వార్టరుకు వచ్చాడు. బ్యాగులోంచి పిస్తోలు లాంటి యంత్రం తీసి, దాని మొన గిన్నెకు ఆనించి మీట నొక్కాడు. ఆ పిస్తోలు చూసి ఎదురింటామె పని వదిలి వచ్చి గడపలో కూర్చుంది.

"గిన్నె ఏం తప్పు జేసింది సారూ? ఒప్పుకోమంటున్నవా?"

అతను నవ్వాడు. యంత్రం తెర మీద పడిన అంకెలు చూసి, ఇంచుమించు నాలుగు పాళ్ళు రాగి, ఒక పాలు తగరం అన్నాడు. ఇత్తడిలో ఉండే జింకు దీంట్లో లేదని, ఈ పాళ్ళలో తగరం కలిపిన గిన్నెను పోత పోసి వదిలేయరని, ఎర్రగా కాల్చి సుత్తితో పలుచగా సాగగొడతారని చెప్పాడు. అలాంటి పని తెలిసినవాళ్ళు ఏ కాలంలోనూ ఎక్కువమంది లేరట. అది విని నా గుండె ఎంత పొంగిందో నేను రాయను. తరువాత అన్న మాట మాత్రం రాస్తాను.

"కాని అమ్మా, చిలుము లేదు. మట్టిలో ఉన్నదానికి పచ్చటి పొర ఉండాలె. ఇది అంగట్ల కొన్నట్టు మెరుస్తుంది. ఎవరన్నా అనుమానపడతరు."

"మా ఇంటి ఆడవాళ్ళు చిలుము పట్టిన గిన్నెను దేవుని ముందట పెట్టరు" అన్నాను. "చింతపండు, బూడిద పెట్టి తోముతరు. మీరు పచ్చగ ఉన్నదాన్నే పాతదంటరు. కడుక్కునేటోళ్ళకు పాతది ఉండొద్దా?"

"గట్లనే అడుగు" అంది ఎదురింటామె.

అతను తల దించుకుని ఒప్పుకున్నాడు. పైపొర చూస్తే చాలదని, యూనివర్సిటీకి తీసుకెళ్ళి లోపల ఎలా ఉందో చూస్తే ఎవరి అనుమానమైనా తీరుతుందని అన్నాడు. తరువాత కరీంనగర్‌లో అద్దాల పెట్టెలో పెట్టవచ్చన్నాడు.

నేను ఒకటే షరతు పెట్టాను. గిన్నె కింద కార్డు మీద మా ఇంటిపేరు, అంటే నా పుట్టింటిది, ఉండాలి. మా ఊరు లేదు, గడీ లేదు, ఆ బావి లేదు. నా కొడుకు తలకు దీపం కట్టుకుని భూమి కిందికి దిగుతున్నాడు. మా తాత పేరు పెట్టుకున్న మనవలు ఆయన ఎవరో చెప్పలేరు. పగలకుండా మా చేతికి వచ్చి, పగలకుండా మా చేతిలో మిగిలినది అదొక్కటే. ఆ పేరు ఎక్కడో ఒకచోట, అద్దం కింద, నలుగురు చదివేలా ఉండాలి. అంతకు మించి ఏమీ అడగలేదు.

"తప్పకుండా అమ్మా" అన్నాడు.

గిన్నె తిరిగి వచ్చిన రోజు అతను కారులోంచి దిగడమే తప్పు చేసినవాడిలా దిగాడు. స్పాంజిలో చుట్టిన గిన్నెను మంచం మీద పెట్టి విప్పాడు. అంచున గోరంత ముక్క తీసేసి ఉంది. పదునైన రంపంతో కోసిన కోత. ఆ కోత మూల నుంచి ఒక చీలిక బయలుదేరి గిన్నె పొట్ట దాకా పాకింది.

నేను ముట్టుకోలేకపోయాను. ఎదురింటామె లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ గిన్నెను చేతిలోకి తీసుకుంది. వేళ్ళ కొసల మీద నిలిపి గోటితో మీటింది. కుండ పెంకు మీద కొట్టినట్టు ఖట్‌మంది. మళ్ళీ మీటింది. అదే చప్పుడు.

"పానం పోయింది" అని మెల్లగా మంచం మీద పెట్టింది.

"చూస్తనన్నవు" అన్నాను అతనితో. "కోస్తనని చెప్పలే."

"లోపల చూడాలంటే చిన్న ముక్క తియ్యాలె అమ్మా. మాకు అది మామూలు. మీకు చెప్పి తీసుకోవాల్సింది, నేను చెప్పలే. అది నా తప్పే."

"మీ అమ్మ పుస్తెలు అసలు బంగారమా కాదా అని చూడాలంటె, మెడల ఉండంగనే కోస్తవా?"

అతను చీలిక మీద వేలు పెట్టాడు. "కోత నాది. చీలిక మాత్రం రంపంతో వచ్చేది కాదమ్మా. ఇసొంటి గిన్నె అట్ల చీలొద్దు. ఎందుకు చీలిందో నేను చూడాలె" అన్నాడు.

అంతకు మించి నేను విననివ్వలేదు. బయటికి పొమ్మన్నాను. కోసిన చేతే కారణం కూడా తానే వెతుకుతానంటే వినే ఓపిక నాకు లేదు.

ఆ తరువాత కరీంనగర్‌లో పాత వస్తువుల ఆఫీసుకు వెళ్ళి నిలబడ్డాను. మా గిన్నె పగలగొట్టారు, తప్పయిందని రాసి ఇవ్వండి అన్నాను. అక్కడి గుమాస్తా నా మాట సగం విని, "అసలు భూమిల దొరికినదాన్ని సర్కారుకు చెప్పకుండ ఇంట్ల ఉంచుకునుడే తప్పు కదమ్మా" అన్నాడు. మా తాత రోజుల్లో ఆ ఊళ్ళో సర్కారు ఎవరో ఇతనికి తెలియదు. చెప్పినా అర్థం కాదు. తరువాత దయ చూపిస్తున్నట్టు ముఖం పెట్టి, "గింత పరేషాన్ ఎందుకు? జైనూరు దిక్కు కంచు పోత పోసేటోళ్ళున్నరు. గిది కరిగించి కొత్తది పోయించుకో, మంచిగ మోగుతది" అన్నాడు.

"మీ తాత ఎముకలు నూరి కొత్త తాతను చేయించుకుంటవా?" అని అడిగి వచ్చేశాను.

మందమర్రి బస్సు ఎక్కాను. ఆ గిన్నె పగిలిందంటే మా ఇల్లు పూర్తిగా పగిలినట్టే అనిపించింది. అదీ మా చేతుల్లో కాదు, బయటివాడి చేతుల్లో. అది ఒక్కటే ఊరట. మేము అన్నీ పోగొట్టుకున్నాం, దీన్ని మాత్రం మేము పగలగొట్టలేదు. దారి పొడుగునా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను.

కొన్ని నెలలకు అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి ల్యాప్‌టాప్ తెచ్చాడు. లోపలికి రమ్మనలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురింటామె తన వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఉన్నదల్లా చాటతో సహా మా మధ్యకు వచ్చింది.

"కూసోనియ్యి దొర్సానీ. ఇంత ఎండల వచ్చిండు. తిట్టుడు నీళ్ళు దాగినంక తిట్టు."

అతను తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. మొదటిది ప్రదర్శనలో నేను చూసిన పచ్చ ముక్కలోది, మైక్రోస్కోపు కింద తీసింది. సన్నటి సూదులు అడ్డదిడ్డంగా అల్లుకున్నట్టు ఉంది. రెండోది మా గిన్నెది. సూదులు లేవు. బూడిద రంగు మడుగులు, వాటి నడుమ రాగి రంగు దీవులు.

"రెండూ ఒకటే పాళ్ళు, ఒకటే పనితనం అమ్మా. ఒకే చేతులు చేసినయన్నా నమ్మొచ్చు" అన్నాడు. "చేసినోళ్ళు గిన్నెను ఎర్రగ కాల్చి సాగగొట్టి, ఎర్రగ ఉండంగనే నీళ్ళల్ల ముంచిన్రు. గట్ల ముంచితేనే ఆ సూదులు నిలుస్తయి, గిన్నె దెబ్బకు ఆగుతది. ముంచకుండ మెల్లగ చల్లారనిస్తే ఈ బూడిద రంగు మడుగులు తయారైతయి. అవి గాజు లెక్క. గట్టిగ ఉంటయి గాని ఓర్వయి. మోగుతది, చూస్తె ఏ తేడా తెల్వది. ఒక్క చిన్న కోత పడ్డా చీలుతది."

"అయితే?"

"మీ గిన్నెను చేసినంక చాలాసార్లు ఎర్రగ కాల్చిన్రు. కాల్చిన ప్రతిసారీ మెల్లగ చల్లార్చిన్రు. భూమిల ఉన్నప్పుడు కాదు, పైకి వచ్చినంకనే అని నాకు అనిపిస్తుంది. దీన్ని ఎవరన్నా నిప్పుల్ల పెట్టేదా అమ్మా?"

నేను నోరు తెరవక ముందే ఎదురింటామె చిక్కుడుకాయ విరుస్తూ అంది.

"పెట్టకేంది? ప్రతి పురుటికి పెట్టిన్రు."

అది నాకు గుర్తులేక కాదు. దాన్ని గిన్నెకు జరిగిన సంగతిగా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మా ఇంట్లో అది తలస్నానం లాంటిది, చేసి మరిచిపోయేది. మిగతా గిన్నెలకు అంటు తగిలితే బూడిదతో తోమి తీసుకునేవారు. ఇది దేవుని అర్రలోకి తిరిగి పోవాలి కాబట్టి తోముడు చాలదు. పురుడు తీరిన రోజు కొట్టం వెనక గుంత తీసి, పిడకలు పేర్చి, నడుమ గిన్నె పెట్టి అంటించేవారు. మా అమ్మ దూరం నుంచి చూస్తూ నిలబడేది. గిన్నె మోదుగు పువ్వు రంగుకు వచ్చిందాకా నిప్పు తగ్గనిచ్చేది కాదు. ఆ రంగు వచ్చాక మీద బూడిద కప్పించి వదిలేసేది. తెల్లారి తీసి తోమించి దేవుని ముందు పెట్టేది. నేను పుట్టినప్పుడు అలాగే కాల్చారు. నా తమ్ముళ్ళకు కాల్చారు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళి నేను కూతుర్ని కన్నప్పుడు కూడా, నేను అర్రలో పడుకుని ఉండగా కొట్టం దిక్కు నుంచి పిడకల పొగ వచ్చింది. ఆ వాసన నాకు పండుగ వాసనలా ఉండేది.

"నీళ్ళల్ల ఎందుకు ముంచలేదమ్మా?" అని అడిగాడు అతను. "ఎర్రగ ఉన్నప్పుడు ఒక్కసారి ముంచినా గిన్నె మళ్ళ కొత్తదయ్యేది. సగం పని చేసినోళ్ళ లెక్కనే చేసిన్రు."

ఎందుకు ముంచలేదో నాకు తెలుసు. గోదావరి మా పెరటి గోడ అవతలే పారేది. అంటు గిన్నెను గంగలో ముంచకూడదని మా నానమ్మ మాట. బావి నీళ్ళు పోస్తే అంటు నీళ్ళతో పాటు ఇల్లంతా పారుతుందని మా అమ్మ మాట. అంత నది పక్కన పెట్టుకుని, ఎర్రగా కాలిన గిన్నెను బూడిదలో పూడ్చారు. నిప్పు మీద నమ్మకం, నీళ్ళ మీద భయం. చదువురాని రోజులు కావు. మా ఇంట్లో ఉర్దూ చదివారు, తెలుగు చదివారు, లెక్కలు చదివారు. ఇంటికి వచ్చే పోయే ప్రతి మనిషి కులం చదివారు.

"ఏం అంటు తగిలిందని కాల్చేది?" అన్నాడతను. తెలియక అడిగాడో, నా నోట వినాలని అడిగాడో.

"మా అవ్వ చెయ్యి తగిలిందని" అంది ఎదురింటామె. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు కోపం తెప్పించింది. "మా అవ్వ ఇంటికచ్చి నవ్వేది. నేను ముట్టిన గిన్నెను బంగారం లెక్క కాలుస్తున్నరే, నేను ముట్టిన పిల్లను మాత్రం ముద్దు పెట్టుకుంటున్నరు, పిల్లను కాల్చరు గద, అనేది. మా బాపు సప్పుడు జెయ్యకు, ఎవలన్న వింటరు అనేటోడు."

అది నిజం. నా కూతుర్ని ఆమె తల్లి రెండు చేతులతో పట్టి బయటికి తీసింది. ఆ పిల్లను మా అమ్మ అదే గడియలో గుండెకు అదుముకుంది. గిన్నెను మాత్రం గుంతకు పంపింది.

అతను వెళ్ళిన తరువాత చాలాసేపు వాకిట్లోనే ఉన్నాను. నాకు అందరి మీదా కోపమే. చెప్పకుండా కోసినందుకు అతని మీద. గోదావరి ఒడ్డున పుట్టి నీళ్ళకు భయపడిన నా తల్లి మీద. ఎప్పుడో రాళ్ళ వలయాల కింద పడుకున్నవాళ్ళు ఎర్రటి గిన్నెను నీళ్ళలో ముంచేంత తెలివిగలవాళ్ళు కాబట్టి, వాళ్ళ మీద కూడా. బస్సులో నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటి ఉంది కదా, దీన్ని మేము పగలగొట్టలేదని. అదీ పోయింది. పగలగొట్టింది మేమే. ఒక్కొక్క పురుటికి కొంచెం కొంచెంగా పగలగొట్టాం. రంపం దాన్ని బయటికి చూపించింది.

అద్దాల పెట్టె మాట మళ్ళీ వచ్చింది. పగిలినా సరే, పూర్తి గిన్నె ఇదొక్కటే కాబట్టి పెడతామని అతను ఫోన్ చేశాడు. కార్డు మీద రాసే మాటలు చదివి వినిపించాడు. దాంట్లో మా ఇంటిపేరు ఉంది. దాని తరువాత, "గృహ ఆచారాలలో భాగంగా అనేకసార్లు వేడి చేయబడింది" అని ఉంది.

"గృహ ఆచారమంటె ఏంది?" అన్నాను. "దీపం పెట్టుడా? తులసికి నీళ్ళు పోసుడా?"

"మీకు బాగుండదేమోనని మెత్తగ రాసిన అమ్మా."

"మా తరఫున నువ్వు మెత్తగ రాయకు. చెప్తున్న, రాసుకో. మంత్రసాని ముట్టుకున్నందుకు కాల్చారు."

ఎదురింటామె అప్పుడు మా ఇంట్లోనే ఉంది. నేను ఫోన్ కింద పెట్టేదాకా ఆగింది.

"గట్ల రాయొద్దు" అంది.

"ఎందుకు? అబద్ధమా?"

"అబద్ధమని ఎవలన్నరు? రేపు బడిపోరలు వచ్చి సదువుతరు. ఏమనుకుంటరు? మంత్రసాని ముట్టుకుంటె గిన్నె పలిగిందంట అనుకుంటరు. అప్పుడూ మా అవ్వదే తప్పు, ఇప్పుడూ మా అవ్వదే తప్పా? మా అవ్వ ముట్టితె పిల్లలు పుట్టిన్రు. ఏదీ పలుగలే."

నేను ఫోన్ వైపు చూశాను.

"మా అవ్వ ముచ్చట అండ్ల పెట్టకు దొర్సానీ. ఆమె చేసిన పని ఆమె చేసింది. కాల్చినోళ్ళది రాయి. పేరుండాలె, పేరుండాలె అని రెండేండ్ల సంది ఒక్కటే గొడవ చేస్తున్నవు గద. ఆ పేరే పెట్టు."

అలా ఎవరైనా నాతో మాట్లాడితే ఒకప్పుడు మా గడీలో ఏం జరిగేదో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె లేచి తన ఇంటికి పోయింది. ఆ మధ్యాహ్నం బ్లాస్టింగు అయింది. గ్లాసులు గోల చేశాయి. గూట్లో గిన్నె చీలిక దగ్గర రెండు అంచులు ఒకదానికొకటి తగిలి గరగరమంది. ఆ చప్పుడు విన్న తరువాత మళ్ళీ ఫోన్ చేశాను.

సంగతి తెలిసి మా చిన్నాయన కొడుకు కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. గంగాళాలు స్టీలు బండివాడికి వేసిన ఇంటి కొడుకు. "అక్కా, ఇంటి పరువు బజార్ల పెడ్తవా? పేరు తీసెయ్యమను. గిన్నె ఒక్కటే పెడితే సాలదా?" అన్నాడు. పేరు ఉండాలన్నది నేను, ఉంటుంది అన్నాను. అప్పటి నుంచి అతను నాతో మాట్లాడడం లేదు. దానికి నాకు ఫికరు లేదు.

గిన్నెను పెట్టెలో పెట్టిన తరువాత చూడడానికి వెళ్తుంటే ఎదురింటామె నేనూ వస్తనంది. బస్సులో కిటికీ సీటు ఆమే తీసుకుంది. లోపల అదే కాపలావాడు అదే కుర్చీలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. అద్దం వెనక గిన్నె బంగారు రంగులో మెరుస్తోంది. పక్కన పచ్చ ముక్క. చీలిక కనిపించేలా గిన్నెను కొంచెం తిప్పి పెట్టారు. అలా పెట్టమన్నది నేనే.

కార్డు మీద ఇలా ఉంది. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీటిలో ముంచి చేసిన కంచు గిన్నె. గోదావరి ఒడ్డున రాతి వలయ సమాధిలో దొరికింది. తరువాత మా ఇంటిపేరు. ఆ ఇంటివారు కులపు అంటు పేరుతో ప్రతి కాన్పు తరువాత దీన్ని పిడకల నిప్పులో కాల్చి, నీటిలో ముంచకుండా బూడిదలో చల్లార్చారు. అందువల్ల పెళుసుబారింది. పరిశీలన కోసం ఇంటివారికి చెప్పకుండా అంచు కోసినప్పుడు చీలింది. ఆఖరి వాక్యం పెట్టడానికి అతను చాలా గింజుకున్నాడు. అది లేకుండా గిన్నె రాదన్నాను. మాది మాకు, వాళ్ళది వాళ్ళకు.

ఎదురింటామె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. తన తల్లి మాట ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతోందని నాకు అర్థమైంది.

"లేదు" అన్నాను.

"చూసిన" అంది. తరువాత అద్దం మీద గోటితో మీటింది. కాపలావాడు కుర్చీలోంచి అరిచాడు. "ముట్టుకోవద్దు. ముట్టుకోవద్దని రాసుంది కనవడ్తలేదా?"

ఆమె అతని దిక్కు తిరగలేదు. నేను తిరిగాను.

"ఆమెను గా మాట అనకు" అన్నాను.

వాడు నా ముఖం చూసి కూర్చున్నాడు. మేము ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాం. మా వెనక ఒక బడి పిల్లల గుంపు వచ్చింది. ముందు నిలబడిన పిల్ల కార్డు పైకి చదవడం మొదలుపెట్టింది. మా ఇంటిపేరు దగ్గర తడబడి ఆగి, సరిచేసుకుని, గట్టిగా పలికింది. నేను వీపు వంచకుండా మొత్తం విన్నాను.